పాదయాత్రల రాజ్యంలో పాదచారి

నడిచేవాళ్లకు అవగాహన లేదట. సైకిలు తొక్కేవాళ్లకు అసలే లేదట. ఏటా సంక్రాంతి ముగ్గుల వేళకు సర్కారుకు ఠంచనుగా గుర్తొచ్చే సత్యం ఇది. పూర్వం దీనికి రోడ్డు భద్రతా వారం ఉండేది. వారం రోజుల్లో జనం బాగుపడలేదు. 2021లో దాన్ని నెల చేశారు. నెల రోజుల్లోనూ బాగుపడలేదు. ఏటి సేస్తాం, జనం అలాంటి వాళ్లు!

ఆ నెలలో జరిగే తంతు చూడని ఊరుందా? పొద్దున్నే బడి పిల్లల్ని వరుస కట్టించి జంక్షన్‌కు నడిపిస్తారు. చేతికి తలా ఒక అట్ట. అట్ట మీద ఒక నినాదం. ఫ్లెక్సీ కట్టాలి కదా, ఎక్కడ కడతారు? ఫుట్‌పాత్ ఉంటే దాని మీదే, అడ్డంగా. ఫ్లెక్సీని తప్పించుకోడానికి పిల్లలు రోడ్డు మీదికి దిగుతారు. ముఖ్య అతిథి గారు పది గంటలకని చెప్పి పదకొండున్నరకు వస్తారు. వెనకా ముందూ మరో నాలుగు బళ్లు. కారు ఎక్కడ ఆగుతుంది? జీబ్రా గీతల మీద. డ్రైవరు సీటు బెల్టు పెట్టుకోడు. పెట్టుకొమ్మనే ధైర్యం కానిస్టేబుల్‌కు లేదు. అతిథి గారు పచ్చజెండా ఊపుతారు. 'పిల్లలూ, రోడ్డు దాటేటప్పుడు ముందు కుడి వైపు, తర్వాత ఎడమ వైపు, మళ్లీ కుడి వైపు చూడాలి' అంటారు. చప్పట్లు. ఫొటో. మజ్జిగ ప్యాకెట్. ఖాళీ ప్యాకెట్ కాలవలోకి. పిల్లలు అదే రోడ్డు అంచున, అవే లారీల పక్కన, ఇంటికి.

కుడి చూశారు. ఎడమ చూశారు. మళ్లీ కుడి చూశారు. సరే, దాటేదెక్కడ?

విశాఖ జిల్లా పద్మనాభం మండలాన్నే తీసుకోండి. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి. పక్కన గోస్తని. మండలంలోని పాండ్రంగి అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు. చిన్న పనికి ఆనందపురమో తగరపువలసో వెళ్లాలి. పెద్ద పనికి విజయనగరమో విశాఖో. అందరికీ కార్లుండవు కదా. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా నడవాలి, లేదా సైకిలెక్కాలి. ఆ తర్వాతే షేర్ ఆటో, ఆర్టీసీ బస్సు. అంటే ఇక్కడ ప్రతి ప్రయాణం కాలినడకతోనే మొదలై కాలినడకతోనే ముగుస్తుంది. రోడ్డు గీసిన ఇంజినీరు గారికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మహానగరం అంచున ఉన్న ఇలాంటి మండలాల్లో రోడ్డు పక్కన ఒకసారి ఆగి కిందికి చూడండి. తారు ముగిసిన చోట జానెడు లోతు. దాని కింద జారిపోయే గ్రావెల్. తర్వాత పిచ్చి తుమ్మ. తర్వాత కాలవ. తొమ్మిదో తరగతి పిల్ల సైకిల్ మీద బడికి పోతోంది. వెనక క్యారియర్‌కు పుస్తకాల సంచి. వెనక నుంచి టిప్పర్ హారన్. ఎదురుగా బస్సు. పిల్ల ఏం చేయాలి? తారు మీదే ఉంటే టిప్పర్. దిగితే ముందు చక్రం గ్రావెల్‌లో జారుతుంది, పిల్ల మళ్లీ తారు మీదికే పడుతుంది. కుడి, ఎడమ, మళ్లీ కుడి పాఠంలో దీనికి జవాబుందా? ఆ పాఠం చెప్పిన పెద్దమనిషి ఒక్కసారైనా ఆ అంచున సైకిల్ తొక్కాడా?

ఆ సైకిల్ కూడా సర్కారు ఇచ్చిందే అయి ఉండొచ్చు. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన పథకానికి 'బడికొస్తా' అని ముచ్చటైన పేరు పెట్టారు. సైకిల్ ఇచ్చారు, పేరూ పెట్టారు. ఏ దారిన రావాలో మాత్రం చెప్పలేదు.

అన్నట్టు రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ గుర్తేమిటి? సైకిల్. జెండా మీద సైకిల్, కండువా మీద సైకిల్, ఓటింగ్ యంత్రం మీద సైకిల్. రోడ్డు మీద తప్ప అన్నిచోట్లా దానికి చోటుంది.

ఆ పార్టీనొక్కదాన్నే అంటే మిగతావాళ్లు నొచ్చుకుంటారు. కాబట్టి అందరినీ గౌరవంగా తలుచుకుందాం. నడిచి నడిచి కుర్చీ ఎక్కే నాయకులు ఆంధ్రదేశంలో ఉన్నంతమంది ఇంకెక్కడున్నారు? 2003లో రాజశేఖర రెడ్డి గారు మండుటెండలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యారు. 2012లో చంద్రబాబు నాయుడు గారు హిందూపురం నుంచి బయలుదేరి 2013లో విశాఖ చేరారు. 2014లో ముఖ్యమంత్రి. 2017లో జగన్మోహన్ రెడ్డి గారు ఇడుపులపాయలో మొదలుపెట్టి 3,648 కిలోమీటర్లు నడిచి 2019 జనవరిలో ఇచ్ఛాపురంలో ఆగారు. అదే ఏడాది ముఖ్యమంత్రి. 2023లో లోకేశ్ గారు కుప్పంలో బయలుదేరి అదే ఏడాది చివర్లో విశాఖలో ముగించారు. మరుసటి ఏడాది మంత్రి.

ఇంతమంది ఇన్ని వేల కిలోమీటర్లు ఈ రోడ్ల మీదే నడిచారు కదా. ఒక్కరికైనా కాలి కింద ఫుట్‌పాత్ లేదని అనిపించలేదా? ఎలా అనిపిస్తుంది! ముందు పైలట్ బండి. చుట్టూ తాళ్లు పట్టుకున్న రోప్ పార్టీ. రోడ్డుకు రెండు వైపులా ట్రాఫిక్ బంద్. వెనక అంబులెన్స్, వ్యాన్, విశ్రాంతికి బస్సు. అలా నడిస్తే మా ముసలమ్మ కూడా ఇచ్ఛాపురం పోయొస్తుంది. పింఛను తెచ్చుకోడానికి ఒంటరిగా, మసక చీకట్లో, రోప్ పార్టీ లేకుండా రోడ్డు దాటే ముసలమ్మది కదండీ అసలు పాదయాత్ర! ఆమెకు ఏ కుర్చీ ఇస్తారు?

ఇక ఎగిరేవాళ్ల సంగతి. భోగాపురం విమానాశ్రయానికి ఆ పాండ్రంగి అల్లూరి పేరు పెట్టారు. సంతోషమే. ఆ విమానాశ్రయానికి 2019లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023లో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ శంకుస్థాపన చేశారు. ఒక్క దానికే రెండు శంకుస్థాపనలు. మంచిదే, ఎగిరేవాళ్లకు కావాలి. ఫుట్‌పాత్‌కు కొబ్బరికాయ కొట్టిన ముఖ్యమంత్రి ఫొటో మీరెప్పుడైనా చూశారా?

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వేశారు. అద్దంలా ఉంటుంది. కార్లవాళ్లు మెచ్చుకుంటారు. ఎందుకు మెచ్చుకోరు! అలాంటి రహదారుల మీద కారుకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఇస్తూ 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. రహదారికి అటు ఊరు, ఇటు పొలం. ఊళ్లోవాళ్లు పొలానికి పోవద్దా? అండర్‌పాస్ ఉందిగా, చుట్టూ తిరిగి రండి అంటారు. నెత్తి మీద గడ్డిమోపుతో ఎంత దూరం తిరగాలో గడ్డిమోపు ఎత్తుకున్నవాళ్లను ఎవరైనా అడిగారా? కారుకు యూటర్న్ కిలోమీటరు దూరమైతేనే సర్వీస్ రోడ్డులో రాంగ్ రూట్‌లో వచ్చే బాబులున్నారు. వాళ్లది తొందర. ముసలాయన డివైడర్ దాటితే అది నిర్లక్ష్యం.

అదే నోటిఫికేషన్ ప్రకారం పట్టణాల లోపలి రోడ్ల మీద కారుకు గరిష్ఠ పరిమితి 70 కిలోమీటర్లు. నడిచేవాళ్లు, సైకిళ్లు, బళ్లు కలగలిసి తిరిగే చోట 30 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. కారు 50 వేగంతో గుద్దినప్పటి కన్నా 65తో గుద్దితే నడిచే మనిషి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లని లెక్క కట్టింది కూడా. మరి 70లో? పిల్లలకు కుడి ఎడమలు నేర్పడం సులువు. ఆ 70ని 30 చేయడం కష్టం. మనవాళ్లు సులువైన పని పట్టుకున్నారు.

లెక్కలు కావాలా? 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో 32,825 మంది నడుస్తూ పోయారు. 4,836 మంది సైకిల్ మీద పోయారు. ఇవి కేంద్ర రవాణా శాఖ సొంత లెక్కలే. రోజుకు వందమందికి పైగా. వీళ్లు ఎవరినీ గుద్దినవాళ్లు కాదు. ఎవరి బంపరూ సొట్ట పెట్టలేదు. నడిచారు, సైకిల్ తొక్కారు, అంతే. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు: గుర్తు తెలియని వాహనం ఢీకొని వృద్ధుడి మృతి. ఆ గుర్తు తెలియని వాహనం ఎప్పటికీ గుర్తు తెలియదు. తెలియకపోతే ఆ కుటుంబానికి ఇచ్చే పరిహారం 2022 ఏప్రిల్ దాకా 25 వేలు. ఇప్పుడు 2 లక్షలు. దాన్ని తెచ్చుకోడానికి ఎన్ని ఆఫీసులు ఎక్కి దిగాలో, ఎన్ని రోడ్లు దాటాలో!

గుద్ది పారిపోయినవాడికి పదేళ్ల జైలు అని కొత్త న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరి మొదట్లో లారీలు ఆగిపోయాయి. బంకుల్లో పెట్రోలు అయిపోతుందని కార్లు బారులు తీరాయి. సర్కారు వెంటనే తగ్గింది. ఆ జూలైలో సంహిత అంతా అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. డ్రైవర్ల భయాలకు కారణాలున్నాయి, ఆగితే జనం కొట్టి చంపుతారన్నది అబద్ధం కాదు. నేననేది ఇంతే: వాళ్లకు యూనియన్ ఉంది. నడిచేవాళ్లు సమ్మె చేస్తే ఏం ఆగుతుంది?

ఇక బ్లాక్ స్పాట్ అనే విచిత్రం గురించి చెప్పుకోవాలి. అంత తీరిగ్గా ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. జాతీయ రహదారి మీద ఒక చోటు ప్రమాదకరమని అధికారికంగా గుర్తింపు పొందాలంటే దానికి అర్హతలుండాలి. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం తీసినవో తీవ్రంగా గాయపరిచినవో ఐదు ప్రమాదాలు జరగాలి. లేదా పదిమంది చావాలి. అప్పుడు దాన్ని జాబితాలో ఎక్కిస్తారు. నాలుగే ప్రమాదాలు జరిగి తొమ్మిది మందే పోయారా? క్షమించాలి, మీ జంక్షన్‌కు ఇంకా మార్కులు చాలలేదు. వచ్చే ఏడాది ప్రయత్నించండి. ఆ మలుపులో ఏదో ఒకరోజు జరుగుతుందని టీ కొట్టు అతనికి తెలుసు, ఆటోవాళ్లకు తెలుసు, బడి పంతులమ్మకు తెలుసు. వాళ్ల మాటకు విలువ లేదు. శవాల మాటకే విలువ.

జాబితాలో ఎక్కాక ఏం చేస్తారు? కలెక్టర్ గారి అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ కూర్చుంటుంది. తగు చర్యలు తీసుకోవాలని ఆదేశిస్తుంది. ఒక బోర్డు వస్తుంది: ప్రమాదాలు జరుగు స్థలం, నెమ్మదిగా వెళ్లండి. కొన్నాళ్లకు ఆ బోర్డు మీద ట్యూషన్ సెంటర్ పోస్టర్ వస్తుంది.

తప్పు రోడ్డుది కూడా అని చట్టానికి తెలియదా? బాగా తెలుసు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. ప్రమాణాల ప్రకారం రోడ్డు డిజైన్ చేయకపోయినా, కట్టకపోయినా, చూసుకోకపోయినా, దానివల్ల ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా. అదే సవరణలో హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు అన్నారు. హెల్మెట్ చలానా మీ ఇంట్లో ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది. ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చి ఉంటుంది. 198ఏ కింద జరిమానా కట్టిన ఇంజినీరు గారు మీ చుట్టాల్లో ఎవరైనా ఉన్నారా? పోనీ చుట్టాల చుట్టాల్లో?

కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారైతే తప్పుడు డీపీఆర్‌ల (రోడ్డు ప్రాజెక్టు నివేదికల) వల్లే జనం చస్తున్నారని, ఇంజినీర్లదే దోషమని సభల్లో బల్ల గుద్ది చెబుతారు. అంతర్జాతీయ సమావేశాల్లో ప్రమాదాల మాట వస్తే మొహం దాచుకోవాల్సి వస్తోందని పార్లమెంటులోనే అన్నారు. మంత్రే ఒప్పుకున్నాక అవగాహన ఎవరికి కల్పించాలి? నిక్కరు వేసుకున్న మూడో తరగతి పిల్లాడికా?

విశాఖ నగరం ముచ్చట వేరు. 2016లో తొలి ఇరవై స్మార్ట్ సిటీల్లో చోటు దక్కింది. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కాసేపు బళ్లు ఆపేస్తారు. నడిచేవాళ్లు బూట్లు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తారు. ఆరోగ్యం కోసం నడిచేవాడికి సముద్రపు గాలి, ఖాళీ రోడ్డు. పని కోసం నడిచేవాడికి గాజువాక, మద్దిలపాలెం, హనుమంతవాక. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం వస్తే వేల రూపాయల సైకిళ్లు కార్ల మీద కట్టుకుని వచ్చి రెండు కిలోమీటర్లు తొక్కి, ఫొటో దిగి, మళ్లీ కార్లకు కట్టుకుని వెళ్తారు. క్యారేజీ తగిలించుకుని డ్యూటీకి రోజూ సైకిల్ తొక్కే కార్మికుడికి ఆ దినోత్సవం సంగతి తెలియదు. అతనికి తెలిసిందల్లా పక్క నుంచి లారీ ఓవర్‌టేక్ చేసినప్పుడు ఊపిరి బిగబట్టడం.

ఇదే నగరం ఒక్క రోజు మాత్రం నడిచేవాడి కాళ్లు మొక్కుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు, చాలామంది చెప్పుల్లేకుండా. ఆ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు. దీపాలు వెలుగుతాయి. అడుగడుగునా మంచినీళ్లు, మజ్జిగ, వైద్య శిబిరాలు. పోలీసు కూడా 'మెల్లగా నడవండమ్మా' అంటాడు. అంటే చేతగాక కాదు! చేయగలరు. ఒక్క రాత్రిలో 32 కిలోమీటర్లు నడిచేవాడికి అప్పగించగలరు. మిగతా 364 రోజులు బడి ముందు 32 అడుగులు అప్పగించలేరు. సింహాద్రి అప్పన్నకు భయపడతారు. మనకు భయపడరు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? కారున్న పాఠకులారా, జీబ్రా గీతల దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే చివరిసారి ఎప్పుడు ఆగారు? ఆగాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. గీత దగ్గర నడిచేవాడిదే మొదటి హక్కు. అది చదివి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లెందరు, ఏజెంటు తెచ్చి చేతిలో పెట్టినవాళ్లెందరు? మన పిల్లను బడి గేటు దాకా కారులో దించాలని రాంగ్ రూట్‌లో దూరి, పక్కింటి పిల్ల సైకిల్‌ను కాలవలోకి తోసేది మనమే. ఊళ్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి రాళ్లు పేర్చేదీ మనమే. ఫుట్‌పాత్ మీద బండి పెట్టి, ఎవరైనా అడిగితే 'రెండు నిమిషాలే' అనేది ఎవరు?

పాఠం వద్దని నేననను. చెప్పండి. కానీ వరస మార్చండి. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద 3,000 మందికి పైగా చచ్చిపోయారు, అందులో పిల్లలే 400 మందికి పైగా. కూతుర్ని పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హోఫ్ మరుసటి ఏడాది పత్రికలో వ్యాసం రాశాడు. పిల్లల హత్యలు ఆపండి అన్నది దాని శీర్షిక. ప్రమాదాలు అనలేదు, హత్యలు అన్నాడు. తల్లిదండ్రులు రోడ్ల మీద బైఠాయించారు. సర్కారు దిగొచ్చింది. వీధుల్లో వేగానికి కళ్లెం వేసింది, సైకిళ్లకు దారులు వేసింది. అక్కడ ఇప్పటికీ బడి పిల్లలకు సైకిల్ పరీక్ష పెడతారు. దారి వేసి పరీక్ష పెట్టారు. మనం దారి వేయకుండా పరీక్ష పెడుతున్నాం. తప్పితే ఫెయిల్ చేయడం కూడా కాదు, ఏకంగా పాడె.

పద్మనాభానికి చరిత్రలో ఒక తేదీ ఉంది. 1794 జూలై 10. పేష్కష్ (కప్పం) బాకీల తగాదా ముదిరి ఈస్టిండియా కంపెనీ పంపిన సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇక్కడే నేలకొరిగాడు. వసూళ్లంటే ఏలేవాళ్లకు అప్పుడూ శ్రద్ధే, ఇప్పుడూ శ్రద్ధే. బండి కొన్న రోజే జీవితకాలం పన్ను కట్టించుకుంటారు. పెట్రోలు పోసినప్పుడల్లా రోడ్ల పేరిట సెస్సు గుంజుతారు. మనకు రావాల్సిన బాకీ మాటేమిటి?

2025 మే నెలలో సుప్రీంకోర్టు దాన్నీ తేల్చేసింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమంది. ఆ అక్టోబరులో, నడిచేవాళ్ల కోసం, మోటారు లేని బళ్ల కోసం ఆరు నెలల్లో నిబంధనలు రాయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలకు 2019 సవరణలోనే వచ్చింది. ఆరేళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే కోర్టు మొట్టికాయ వేయాల్సి వచ్చింది.

కాబట్టి ఇకపై అవగాహన కార్యక్రమం మనమే పెడదాం, ఆఫీసుల వాళ్లకు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆపైన 10. ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ మండలంలో గత మూడేళ్లలో నడుస్తూ ఎంతమంది పోయారు, సైకిల్ మీద ఎంతమంది, ఏ ఏ చోట్ల? ఆ చోట్లలో రోడ్డుకు ఏం మరమ్మతు చేశారు, ఎంత ఖర్చయింది? 198ఏ కింద ఎవరి మీదైనా చర్య తీసుకున్నారా? మీ బడి ముందు వేగ పరిమితి ఎంత, బోర్డు ఎక్కడుంది? ఇవి రాసి సంతకం పెట్టి పోలీసులకొకటి, రోడ్లు భవనాల శాఖకొకటి, జాతీయ రహదారి పక్కనుంటే జాతీయ రహదారుల సంస్థకొకటి పంపండి. రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టం చెబుతోంది. ఇవ్వకపోతే అప్పీలు వేయండి.